అమెరికాను కుంగదీసేది అప్పా, ఆరిన కొలిమా? ఒక వాదోపవాదం

గాజువాకలో ఉండే సత్యారావు గారు విశాఖ స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజం కరిగించే పెద్ద కొలిమి) విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలు శిరీష మధురవాడలోని ఒక ఆఫీసులో అమెరికన్ బ్యాంకుకి బాండ్ల లెక్కలు చూస్తుంది. 2025 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అదే నెలలో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కడతానంది. ఈ రెండు వార్తలకీ వాళ్లింట్లో రెండు అర్థాలు వచ్చాయి. ఇద్దరూ నేను కల్పించినవాళ్లే గానీ, వాదన మాత్రం మన ఇళ్లలో రోజూ జరిగేదే. నా మొగ్గు సత్యారావు గారి వైపే. అయినా శిరీష ప్రశ్నల పదును తగ్గించి రాయలేదు.

సత్యారావు: అప్పు తీర్చే సత్తాకి గ్రేడులిచ్చే మూడు పెద్ద రేటింగ్ సంస్థలూ అమెరికాకి ఇచ్చిన పై గ్రేడు తీసేశాయమ్మా. 2011లో ఎస్ అండ్ పీ, 2023లో ఫిచ్, 2025 మేలో మూడీస్. 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక్క వడ్డీకే దాదాపు 88 వేల కోట్ల డాలర్లు కట్టారు. సైన్యం మీద పెట్టినదానికంటే అదే ఎక్కువ. భూమ్మీద అంత పెద్ద సైన్యం ఖర్చు ఇంకెవరికీ లేదు. దాన్నే వడ్డీ దాటేసిందంటే ఇంకేం చెప్పాలి?

శిరీష: ఇంకో లెక్క కూడా చెప్పాలి మావయ్యా. ప్రపంచ జీడీపీలో అమెరికా వాటా 1980లో పావు వంతు. ఇప్పటికీ పావు వంతు పైనే. ఈలోగా చైనా అంత ఎదిగినా వీళ్ల వాటా తగ్గలేదు, తగ్గింది యూరప్‌ది, జపాన్‌ది. దిగజారిపోయే దేశం లెక్క ఇలా ఉంటుందా?

సత్యారావు: జీడీపీలో ఆస్పత్రి బిల్లూ ఉంటుంది, లాయరు ఫీజూ ఉంటుంది. నేను తయారయ్యే వస్తువు గురించి మాట్లాడుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో సుమారు సగం వాళ్లదే. ఇవాళ వాళ్లు ఏటా 8 కోట్ల టన్నులు చేస్తుంటే చైనా సుమారు 100 కోట్ల టన్నులు చేస్తోంది. మనమే 14 కోట్లు దాటాం. 1977 సెప్టెంబరు 19న ఒహాయో రాష్ట్రం యంగ్‌స్టౌన్‌లో ఒక పెద్ద ఉక్కు మిల్లు మూసేస్తున్నామని చెప్పారు. ఒక్క ప్రకటనతో వేలమంది రోడ్డున పడ్డారు. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని బ్లాక్ మండే అంటారు. బెత్లెహేమ్ స్టీల్ సంగతి విను. శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెనకి ఉక్కు ఇచ్చిన కంపెనీ అది. 2001 అక్టోబరులో దివాలా తీసింది. పెన్సిల్వేనియాలో ఆ ప్లాంటు ఉన్న స్థలంలో ఇవాళ కేసినో నడుస్తోంది. బ్లాస్ట్ ఫర్నేసులు మాత్రం కూల్చలేదు, వాటి ముందు స్టేజీ కట్టి పాటకచేరీలు పెడుతున్నారు. ఫర్నేస్ దగ్గర పనిచేసినవాడికి అది చదివితే ఎలా ఉంటుందో నీకు చెప్పలేను తల్లీ.

శిరీష: బాధ అర్థమవుతుంది. కానీ బాధ వేరు, లెక్క వేరు. 1979లో వాళ్ల తయారీ రంగంలో కోటీ 95 లక్షల మంది ఉండేవారు, ఇప్పుడు కోటీ 30 లక్షల లోపే. అయినా తయారయ్యే సరుకు విలువ 1979 కంటే చాలా పెరిగింది. వాళ్ల ఉక్కులో 70 శాతం దాకా తుక్కు ఇనుము కరిగించి ఎలక్ట్రిక్ ఫర్నేసుల్లో చేస్తున్నారు. దానికి పెద్ద బ్లాస్ట్ ఫర్నేసూ అక్కర్లేదు, అంతమంది మనుషులూ అక్కర్లేదు. ఉద్యోగాలు తగ్గాయంటే పని పోయినట్టేనా? యంత్రం చేస్తోంది, అంతే.

సత్యారావు: యంత్రం మెల్లగా వస్తుందమ్మా. 1979 నుంచి 2000 దాకా ఆ ఉద్యోగాలు నెమ్మదిగానే తగ్గాయి, అప్పటికింకా కోటీ 70 లక్షల పైనే ఉన్నాయి. 2010కల్లా కోటీ 15 లక్షలకి పడిపోయాయి. పదేళ్లలో 55 లక్షల ఉద్యోగాలు మింగిన ఆ కొత్త యంత్రం ఏది, చెప్పు?

శిరీష: 2008 సంక్షోభం కూడా ఉంది కదా ఆ పదేళ్లలో.

సత్యారావు: ఉంది. కానీ అంతకుముందు 2001 ఉంది. నన్నడిగితే అమెరికా దారి తప్పిన ఏడాది అదే. అప్పటికి వరుసగా నాలుగేళ్లు వాళ్ల బడ్జెట్‌లో మిగులు. మొత్తం అప్పు 6 లక్షల కోట్ల డాలర్ల లోపే. ఆ ఏడాది జూన్‌లో పన్నులు తగ్గించారు. అక్టోబరులో అఫ్గానిస్తాన్ యుద్ధం మొదలుపెట్టారు. డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. అంటే రాబడి తగ్గించుకున్నారు, ఖర్చు నెత్తిన పెట్టుకున్నారు, చేతిలో ఉన్న పని బయటికి పంపారు. మూడూ ఏడు నెలల్లో. 2003లో మళ్లీ పన్నులు తగ్గించి ఇరాక్ మీదకి వెళ్లారు. పని పోయిన ఊళ్లలో పన్ను కట్టేవాడు తగ్గాడు, ప్రభుత్వ సాయం కావాల్సినవాడు పెరిగాడు. అప్పు పెరగక ఏమవుతుంది? ఆ ఫలితం 2020లో కనపడింది. కరోనా వస్తే అంత దేశానికి మాస్కుల్లేవు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చేసరికి నెలకి 14 వేల ఫిరంగి గుళ్లకంటే చేయలేని స్థితిలో ఉన్నారు. కాలిఫోర్నియాలో మౌంటెన్ పాస్ అని గని ఉంది. అయస్కాంతాలకి కావాల్సిన అరుదైన ఖనిజాలకి ఒకప్పుడు ప్రపంచానికంతా అదే దిక్కు. 2002లో ఆపేశారు. 2025లో చైనా ఆ ఖనిజాల ఎగుమతి బిగించేసరికి వాళ్ల కార్ల కంపెనీలు టెన్షన్ పడ్డాయి. భూమిలో ఖనిజం లేక కాదు, శుద్ధి చేసే పని వదిలేసుకుని.

శిరీష: అవి పొరపాట్లే, కాదనను. కానీ మీరు అప్పునీ ఫ్యాక్టరీలనీ ఒకే గాటన కట్టేస్తున్నారు. రెండూ వేరు.

సత్యారావు: వేరు కాదు. నీ ఆఫీసులో చేసే పనేమిటో చెప్పు, అందులోనే ఉంది.

శిరీష: సరే. చైనా, జపాన్ అమెరికాకి సరుకు అమ్మి డాలర్లు తీసుకుంటాయి. వాటిని ఖాళీగా ఉంచరు, అమెరికా ప్రభుత్వ అప్పు పత్రాలు, అంటే ట్రెజరీ బాండ్లు కొంటారు. జపాన్ దగ్గర లక్ష కోట్ల డాలర్ల పైన ఉన్నాయి. అంటే సరుకు కోసం బయటికెళ్లిన డబ్బు అప్పు రూపంలో మళ్లీ వాషింగ్టన్‌కే చేరుతుంది.

సత్యారావు: చూశావా? అందరూ బాండ్లకి ఎగబడితే డాలర్ బలపడుతుంది. డాలర్ బలపడితే అక్కడ చేసిన సరుకు బయటివాళ్లకి ప్రియం, బయటి సరుకు వాళ్లకి చవక. ఇంకో ఫ్యాక్టరీ మూత. మళ్లీ దిగుమతి, మళ్లీ బాండ్లు. అప్పు సులువుగా పుట్టడానికీ ఫ్యాక్టరీ మూతపడడానికీ కారణం ఒకటే. ఒక దేశం డబ్బే ప్రపంచానికంతా నిల్వ ధనమైతే ఈ చిక్కు తప్పదని రాబర్ట్ ట్రిఫిన్ అనే ఆర్థికవేత్త 1960లోనే హెచ్చరించాడు. 1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకి బదులు బంగారం ఇవ్వడం ఆపేశాడు. ఆ తర్వాత ఈ చక్రానికి పగ్గం లేకుండా పోయింది.

శిరీష: అయితే అప్పు వల్ల దేశం కూలాలి కదా? జపాన్ అప్పు దాని జీడీపీకి రెండింతల పైన, నిలబడే ఉంది. నెపోలియన్ యుద్ధాలయ్యాక బ్రిటన్ అప్పు కూడా దాదాపు రెండింతలు. ఆ తర్వాతే అది వందేళ్లు ప్రపంచాన్ని ఏలింది, మనల్నీ ఏలింది.

సత్యారావు: నేను చెప్పేదీ అదే! అప్పుడు మాంచెస్టర్‌లో మగ్గాలు ఆడుతున్నాయి, బర్మింగ్‌హామ్‌లో కొలిములు మండుతున్నాయి. పని ఉంది కాబట్టి అప్పు అరిగింది. 1945లో అదే బ్రిటన్‌కి అంతకంటే పెద్ద అప్పు. ఈసారి లేవలేదు.

శిరీష: ఎందుకు లేవలేదో అడగండి. 1950లో ప్రపంచంలో ఎక్కువ కార్లు ఎగుమతి చేసింది బ్రిటనే. ఓడల తయారీలోనూ మొదటి స్థానం దానిదే. మీ మాట ప్రకారం కొలిములు మండుతూనే ఉన్నాయి. అయినా సామ్రాజ్యం పోయింది. మరి మీ సూత్రం ఏమైంది?

(ఇక్కడ సత్యారావు గారు వెంటనే మాట్లాడలేకపోయారు. తర్వాత ఇచ్చిన జవాబు నాకూ పూర్తిగా చాలలేదు.)

సత్యారావు: యుద్ధం మింగేసింది, ఒప్పుకుంటాను. సామ్రాజ్యం పోవడానికి మన పోరాటమూ ఒక కారణం. కానీ 1956లో బ్రిటన్ ఈజిప్టులోని సూయెజ్ కాలువ మీదకి వెళ్లినప్పుడు ఏమైంది? అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) డబ్బు రాకుండా అమెరికా అడ్డుకుంది. పౌండు నిలబడదని భయపడి సైన్యాన్ని వెనక్కి పిలిచారు. 1946లో అమెరికా దగ్గర చేసిన 375 కోట్ల డాలర్ల అప్పు 2006 డిసెంబరుకి గానీ తీరలేదు. అప్పిచ్చినవాడు వద్దంటే ఆగాల్సి వచ్చింది.

శిరీష: పౌండు పక్కన అప్పటికే డాలర్ ఉంది. డాలర్ పక్కన ఎవరున్నారు?

సత్యారావు: దేశాల విదేశీ మారక నిల్వల్లో డాలర్ వాటా 1999లో 71 శాతం. ఇప్పుడు 60 లోపు.

శిరీష: ఆ తగ్గినదాంట్లో చైనా యువాన్‌కి పోయింది కొంతే మావయ్యా. ఆస్ట్రేలియా, కెనడా, కొరియా కరెన్సీలు ఎక్కువగా పంచుకున్నాయి. అన్నీ అమెరికా స్నేహితులవే. ఇంకోటి అడుగుతాను, కోపగించుకోకండి. 2025 జనవరిలో మన ప్లాంటుకి కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇస్తే మీరు వీధంతా స్వీట్లు పంచారు. కేంద్రానికి మాత్రం అప్పుల్లేవా? అమెరికా అప్పు తప్పు, మీ ప్లాంటుకి తెచ్చిన అప్పు ఒప్పా?

సత్యారావు: ఆ రెండింటినీ కలపకు! 1966లో ఈ ప్లాంటు కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. 1971లో ఇందిరమ్మ శంకుస్థాపన చేస్తే 1990లో గోదావరి ఫర్నేసు వెలిగింది. అన్నేళ్లు కళ్లు కాయలు కాచాయి జనానికి. ఇంత ప్లాంటుకి సొంత ఇనుప గని ఇవ్వలేదు, ఇవాళ్టికీ లేదు. ఇనుప గనులున్న కిరండూల్ నుంచి కొత్తవలసకి రైల్వే లైను వేసింది జపాన్‌కి ఖనిజం పంపడానికి. ఆ ఖనిజం మన ఊరి మీదుగానే ఓడ ఎక్కింది. మేం మాత్రం టన్ను టన్నుకీ ధర కట్టి కొనుక్కున్నాం. సొంత గనులున్న కంపెనీతో పోటీ పడమన్నారు, పడ్డాం. అయినా 2021 జనవరిలో నూరు శాతం అమ్మేస్తామన్నారు. ఫర్నేసు నిలబెట్టడానికి చేసిన అప్పూ, యుద్ధానికీ పన్ను రాయితీకీ చేసిన అప్పూ ఒకటెలా అవుతాయి?

శిరీష: గనుల మాట నిజమే, అది అన్యాయమే. కానీ 2010లో పెద్ద ప్రభుత్వ సంస్థలకిచ్చే నవరత్న హోదా మన ప్లాంటుకి వచ్చినప్పుడు మాత్రం గనులున్నాయా? అప్పుడు లాభాలెలా వచ్చాయి? తర్వాత విస్తరణకి చేసిన అప్పు మాట ఎవరూ ఎత్తరు.

సత్యారావు: అప్పుడు ఉక్కుకి ధర ఉంది. తర్వాత చైనా సరుకు ప్రపంచాన్ని ముంచేసింది. బెత్లెహేమ్‌కి జరిగిందే మనకీ జరగబోయింది. అందుకే తల్లీ, నేను అమెరికాని చూసి సంతోషించడం లేదు, భయపడుతున్నాను.

శిరీష: భయం నాకూ ఉంది, కానీ వేరే వైపు నుంచి. అక్కడ పోయిన పనే ఇక్కడ నాకు జీతమైంది. నాన్న ఆస్పత్రి ఖర్చు అందులోంచే కట్టాను. అవుట్‌సోర్సింగ్ పాపమనడానికి నాకు నోరు రాదు. వాళ్ల ప్రభుత్వ ఖర్చులో పెద్ద భాగం వృద్ధుల పెన్షన్‌కీ వైద్యానికీ పోతోంది. అదీ తప్పంటారా?

సత్యారావు: అనను. నీ కష్టాన్నీ తప్పనను. కానీ ఆ పని నీకు వచ్చింది చవక అని. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. వాళ్ల ఊళ్లలో కోపం ఎంత ముదిరిందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ కోపం రేపు నీ ఆఫీసు మీదకి రాదని ఎవరు చెప్పగలరు?

శిరీష: ఎవరూ చెప్పలేరు. కానీ వాళ్లు చేతులు ముడుచుకుని లేరు. 2022లో కంప్యూటర్ చిప్‌ల తయారీ కోసం చిప్స్ చట్టం తెచ్చి 5,270 కోట్ల డాలర్లు కేటాయించారు. తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ అరిజోనాలో ఫ్యాక్టరీ కట్టింది, చిప్స్ వస్తున్నాయి. పోయిన పని తిరిగి రాదన్నది మీ వాదన. వచ్చింది కదా?

సత్యారావు: వచ్చింది, కాదనను. కానీ ఆ ఫ్యాక్టరీ మొదలవడం 2024 నుంచి 2025కి ఎందుకు వాయిదా పడిందో ఆ కంపెనీయే చెప్పింది. యంత్రాలు బిగించే నైపుణ్యం ఉన్న పనివాళ్లు అక్కడ చాలినంతమంది లేరు. తైవాన్ నుంచి పిలిపించుకున్నారు. చిప్ పుట్టింది అమెరికాలో. డబ్బుంది, స్థలముంది, పని తెలిసినవాడే తక్కువ.

శిరీష: ఏడాది ఆలస్యమే కదా. నేర్చుకుంటారు.

సత్యారావు: ఒక్క చిప్‌కి నేర్చుకుంటారు. ఓడలకి? ఇవాళ ప్రపంచంలో కట్టే వాణిజ్య నౌకల్లో అమెరికా వాటా ఒక శాతం కూడా లేదు. యుద్ధకాలంలో 2,700 లిబర్టీ ఓడలు కట్టిన దేశం అది. ఆ రోజుల్లో ఓడలు కట్టడంలో వాళ్లతో పోటీకొచ్చేవాడు లేడు. అవన్నీ మళ్లీ నేర్చుకోవడానికి అప్పు చేస్తే నేనే సెభాష్ అంటాను. కానీ 2025 జులైలో తెచ్చిన పన్నుల చట్టం చూడు. దానివల్ల పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని వాళ్ల కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే లెక్కగట్టింది. చిప్స్‌కి 5,270 కోట్లు, దీనికి 3.4 లక్షల కోట్లు.

శిరీష: ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే నా దగ్గర జవాబు లేదు. అయినా ట్రెజరీ వేలం పెడితే కొనేవాళ్లు వస్తూనే ఉన్నారు మావయ్యా, నేను చూస్తున్నాను.

సత్యారావు: వస్తారు. ఎంత వడ్డీకి వస్తున్నారో కూడా చూడు. 2020లో పదేళ్ల బాండు మీద ఒక శాతం కూడా లేదు.

శిరీష: ఇప్పుడు నాలుగు చుట్టూ తిరుగుతోంది. అదీ చూస్తున్నాను.