సవరణ: ఇగ్నిషన్ ఆపితే సరిపోదు

ఫ్యామిలీ కారు స్టీరింగ్‌కు క్రూయిజ్ కంట్రోల్ (కారు వేగాన్ని ఒకేలా ఉంచే సదుపాయం) బటన్లు విడిగా బిగించుకోవడం గురించిన పోస్టులో, స్టీరింగ్ మధ్యలో ఉండే ఎయిర్‌బ్యాగ్ విప్పే ముందు ఇగ్నిషన్ ఆపితే చాలని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

బ్యాటరీ నెగటివ్ తీగ కూడా తీసి, ఆ కారు సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లలో కాసేపు కరెంటు ఉంటుంది. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా బ్యాగ్ తెరుచుకోవాలనే అలా పెడతారు. ఆ వ్యవధిలో కనెక్టర్ కదిలిస్తే బ్యాగ్ ముఖం మీదే పేలొచ్చు. ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన మెకానిక్ చెప్పాక మాన్యువల్‌లోనూ చూశాను. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు మల్టీమీటర్ (కరెంటు కొలిచే పరికరం) కూడా పెట్టకండి.

క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరుగుతున్నా బటన్లకు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట తీగ), కోడింగ్ (కొత్త బటన్లు పనిచేసేలా కారు కంప్యూటర్‌లో సెట్ చేయడం) గురించి ఆ పోస్టులో రాసింది సరైనదే. పాత పోస్టు చూసి పని మొదలుపెట్టినవాళ్లు దయచేసి ఆపండి.