తాండూరు బండ మీది ఆ 'ఫెర్న్' శిలాజం కాదండీ

వ్యాసం బాగుంది కానీ, తాండూరు బండ మీద నల్లటి ఫెర్న్ ఆకులాంటి గుర్తు ఫొటో పెట్టి 'కోట్ల ఏళ్ల నాటి మొక్క' అన్నారు చూడండి, అక్కడే చిక్కొచ్చింది. అది డెండ్రైట్. రాతి పొరల సందుల్లోకి ఇంకిన నీటిలోని మాంగనీసు, ఆక్సైడ్‌గా పేరుకుంటూ కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. మొక్కతో దానికి ఏ సంబంధమూ లేదు. పైగా తాండూరు బండ అంటే సున్నపురాయే, అది ఏర్పడిన కాలానికి నేల మీద ఆకులున్న మొక్కలే లేవు!

మీ ఫొటోనే పెద్దది చేసి చూడండి. నల్ల కొమ్మలన్నీ బండ అంచు నుంచో, సన్నటి పగులు నుంచో మొదలై లోపలికి పాకాయి. నడి ఈనె లేదు, ఆకుకు హద్దంటూ లేదు. ఇంకో సంగతి, పక్కపక్క కొమ్మలు ఒకదాని మీదుగా ఒకటి పోలేదు. రాలిన ఆకులు అంత మర్యాదగా తప్పుకుంటాయా?

అసలైన ఆకు శిలాజమంటే మన గోదావరి లోయ బొగ్గు పొరల కాలపు గ్లోసోప్టెరిస్ అనే మొక్కది. నాలుకలాంటి ఆకారం, మధ్యలో స్పష్టమైన ఈనె, అక్కణ్నుంచి అంచు దాకా వల అల్లినట్టు సన్న ఈనెలు. పెర్మియన్ కాలం నాటిది, 25 కోట్ల ఏళ్లకు పైమాటే.

ఇంకా డౌట్ ఉంటే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేయండి. మాంగనీసు ఆక్సైడైతే బుసబుసా నురుగొస్తుంది. కొన్ని గుర్తుల్లో ఇనుము ఎక్కువుంటుంది కాబట్టి, నురుగు రాలేదని వెంటనే శిలాజమని తేల్చేయకండి. భూతద్దంతో ఈనెల కోసం వెతకండి.