కొంగ ఎగిరే పడకగది

ఇల్లు వెతకబోయే ముందే అన్నీ సిద్ధం చేసుకోవాలని పెద్దలు చెబితే, మా ఇంట్లో మూడు నెలలు నిష్ఠగా సిద్ధమయ్యాం. ముగ్గురు సిద్ధాంతులను కలిశాం. నా పేరుకు తూర్పు సింహద్వారమని ఒకాయన, ఉత్తరమని ఇంకొకాయన, అసలు ఈ ఏడాదే వద్దని మూడో ఆయన. మా బావమరిది ఫోన్‌లో దిక్సూచి యాప్ వేసుకున్నాడు. ఆస్తి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయో లేదో చూపే ఈసీ కాగితం మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నేనే ఒకసారి అంటే, "గుండెకు తీస్తారే, అదా?" అన్నారు మా అత్తగారు.

డబ్బు లెక్కకు పట్టింది పది నిమిషాలు. 80 లక్షల ఫ్లాటుకు బ్యాంకు 64 మించి ఇవ్వదు. మిగతా 16, రిజిస్ట్రేషన్‌కు 6, ఇంకా కడుతున్న బిల్డింగైతే జీఎస్టీ 4, అన్నీ మనమే తెచ్చుకోవాలి. "ఎలాగోలా అవుతుందిలే" అని తీర్మానించి మళ్లీ వాస్తులో పడ్డాం.

అలా సర్వసన్నద్ధులమై హైదరాబాద్ శివార్లలో ఒక ప్రీలాంచ్‌కు, అంటే అనుమతులు రాకముందే మొదలయ్యే అమ్మకానికి, వెళ్లాం. రేకుల షెడ్డు, అందులో అద్దాల పెట్టెలో బొమ్మ బిల్డింగు, ప్లేటుకు రెండు సమోసాలు. మొత్తం ఒకేసారి కట్టేస్తే సగం రేటట. అగ్రిమెంటు రాయకుండా పదో వంతుకు మించి తీసుకోకూడదనీ, రిజిస్టర్ కాని ప్రాజెక్టును అసలు అమ్మకానికే పెట్టకూడదనీ ఇళ్లు కొనేవాళ్ల కోసం 2016లో చేసిన రెరా చట్టం చెబుతూనే ఉంది. చట్టానికేం, చెబుతుంది.

మా వాడు సర్కారు తుమ్మల మధ్య నిలబడి, ఫోన్ అరచేతిలో పెట్టుకుని చుట్టూ తిరిగాడు. ఆకాశంలోకి వేలు చూపించాడు.

"బావా, ఆ కొంగ చూశావా? దానికి కాస్త పైన మన పద్నాలుగో ఫ్లోరు. సరిగ్గా నైరుతి. మాస్టర్ బెడ్‌రూమ్."

కొంగ పక్కకు జరిగింది.

"ఇప్పుడది హాల్లోకొచ్చింది."

"మరి పూజగది?" అంది మా ఆవిడ, తల పైకెత్తి. ఇంకో రెండు కొంగలు వచ్చి ఆ లోటు కూడా తీర్చాయి.

"ఈశాన్యంలో చెరువు సార్, ఇంతకంటే వాస్తు ఏం కావాలి?" అన్నాడు సేల్స్ కుర్రాడు. మా చెప్పులు తుంగ మొలిచిన నల్లబురదలో దిగబడి ఉన్నాయి. ఇన్ని కొంగలకు ఇక్కడేం పని అని మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రాత్రి నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ సైట్లో చెరువు మ్యాప్ చూశాను. చెరువు నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్ గీతకు లోపలే ఉంది మా పద్నాలుగో ఫ్లోరు.

మేం తెలివితక్కువవాళ్లమే, ఒప్పుకుంటాను. మరి ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లో? 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా పుట్టాక కూలిన ఇళ్లలో కాగితాలన్నీ పక్కాగా ఉన్నవీ ఉన్నాయి. ప్లాన్‌కు ఒకడు సంతకం పెట్టాడు. నూటికి ఏడున్నర పిండుకుని ఇంకొకడు రిజిస్టర్ చేశాడు. ఒకడు మీటరు బిగించాడు, ఒకడు ఇంటిపన్ను వసూలు చేశాడు. ఇంతమందిలో ఒక్కడికీ కనబడని చెరువు, తెల్లారేసరికి బుల్డోజర్ డ్రైవరుకు ఎలా కనబడిందయ్యా? సామాన్లు రోడ్డు మీద పడ్డా ఈఎంఐ మాత్రం తారీఖు తప్పదు. ఆ సంతకాలు పెట్టినవాళ్ల గుమ్మం ముందు నిలబెట్టడానికి ఒక్క బుల్డోజరూ దొరకలేదా?

పొద్దున్నే మ్యాప్ మా బావమరిదికి చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత నా ఫోన్ తీసుకుని మెల్లగా గుండ్రంగా తిప్పాడు.

"ఉత్తరం అటు పెట్టి చూడాలి బావా."