వయసు మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటారా?

క్యాన్సర్ సోకిన డెబ్బై ఏళ్ల మనిషి తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటే మన ఆసుపత్రుల్లో వినిపించే మాట ఒక్కటే: 'వయసు మీద పడింది కదా'. ఆ ఒక్క మాటతో డిప్రెషన్ అనే జబ్బును లెక్కలోంచే తీసేస్తున్నారు. దానికి మందుంది, కౌన్సెలింగ్ ఉంది. అడిగే నాథుడే లేడు.

ఇది ఉత్త దిగులు కాదు. డిప్రెషన్ ముదిరితే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ అదుపు తప్పుతుంది. క్యాన్సర్ కణాలను వెతికి చంపే నేచురల్ కిల్లర్ కణాలు మందగిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి, వాపును పెంచే రసాయనాలు ఎక్కువవుతాయి. వయసుతో థైమస్ గ్రంథి కుంచించుకుపోయి రోగనిరోధక శక్తి ముందే సన్నగిల్లి ఉంటుంది. కీమోతో తెల్లరక్త కణాలు పడిపోతాయి. వాటి మీద ఇది మూడో దెబ్బ. పైగా కణితి, చికిత్స పుట్టించే ఆ రసాయనాలే మెదడు మీద పనిచేసి ఆకలినీ నిద్రనూ ఆసక్తినీ చంపుతాయి. 'ధైర్యంగా ఉండు పెద్దాయనా' అని భుజం తడితే పోయేది కాదిది.

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో తెల్లవారుజాము బస్సెక్కి హైదరాబాద్ చేరిన ముసలాయన ఓపీలో కూర్చుంటే ఏం జరుగుతోంది? ఫైలు కొడుకు చేతిలో ఉంటుంది, జవాబులూ కొడుకే చెప్తాడు. 'ఆయనకు గడ్డ అనే చెప్పినం సార్' అని చెవిలో ఊదుతాడు. 'తింటలేను, నిద్ర వస్తలేదు' అని పెద్దాయన గొణిగితే చీటీ మీద 'నీరసం' అని పడుతుంది, బలానికి మాత్రలు వస్తాయి. పిల్లలు ముంబైకో హైదరాబాద్‌కో వలసపోయిన పాలమూరు పల్లెల్లో ఆ మాత్రం పక్కన కూర్చునే కొడుకు కూడా ఉండడు.

ఓపీలో రద్దీ ఉంది, నిజమే. డిప్రెషన్ తగ్గిస్తే క్యాన్సర్ రోగి ఆయుష్షు పెరుగుతుందని పరిశోధనలు తేల్చలేదు, అదీ నిజమే. అయితే ఏంటి? ఆయుష్షు పెంచితేనే నొప్పికి మందిస్తామని ఎవరైనా అంటారా? అడగాల్సినవి రెండే ప్రశ్నలు. గత రెండు వారాల్లో దేనిమీదా మనసు పోవడం లేదా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? దీనికి నిమిషం చాలు. అదే ముప్పై ఏళ్ల కుర్రాడు గోడవైపు తిరిగి పడుకుంటే కంగారుపడి సైకియాట్రిస్టు దగ్గరికి పరిగెత్తమా? డెబ్బై ఏళ్లవాడైతే వయసట!

మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే వచ్చింది, వృద్ధుల కోసం జాతీయ కార్యక్రమం 2010లో వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. ఇన్ని రాసుకున్న ప్రభుత్వాలు చివరికి మానసిక సమస్యలకు పెట్టిన 14416 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసుకోమంటున్నాయి. చెవులు సరిగా వినపడని ముసలమ్మ ఆ నంబరు నొక్కుతుందా? ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే నిద్రమాత్ర దీనికి మందు కాదు. టామోక్సిఫెన్ అనే క్యాన్సర్ మందు వాడే రొమ్ము క్యాన్సర్ రోగికి డిప్రెషన్ కోసం పారోక్సెటిన్ ఇస్తే ఆ క్యాన్సర్ మందు పనితనమే తగ్గుతుంది. తెలిసిన డాక్టరే చూడాలి.

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. మా భయం అక్కడే. వయసు పేరు చెప్పి మనసును వదిలేసే ఈ అలవాటు అక్కడా మొదటి రోజే పాతుకుపోతే ఇక ఎవరూ కదిలించలేరు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, వాటిలో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఆ డాక్టర్లను వారానికి రెండు రోజులు క్యాన్సర్ రోగుల దగ్గర కూర్చోబెట్టడానికి, ఓపీ చీటీ మీద ఆ రెండు ప్రశ్నలు అచ్చు వేయించడానికి ఆరోగ్యశాఖకు ఏ జీవో అడ్డం వచ్చింది?