కాజీపేట జంక్షన్‌కు ముందు కావలసింది పాసింజరు బండి

కాజీపేట గురించి ఎవరు నోరు విప్పినా మాట రైలు పెట్టెలు తయారుచేసే కోచ్ ఫ్యాక్టరీతో మొదలై కోచ్ ఫ్యాక్టరీతోనే ముగుస్తుంది. ఎన్నికలప్పుడు ఆ మాట గోడలకెక్కుతుంది, ఎన్నికలయ్యాక సున్నం కింద దాక్కుంటుంది. ఇక్కడి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన నాకు ఆ కోరిక మీద చిన్నచూపు లేదు. అయితే నలభై ఏళ్లుగా ఆ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుని, ఈ స్టేషన్ పొద్దున లేస్తే చేయవలసిన పనిని అడగడం మానేశామని నా అభిప్రాయం. ఆ పని పాసింజరు బండ్లు నడపడం.

ఈ దారి మొదట వేసింది మన రాకపోకల కోసమని ఎవరైనా అనుకుంటే అది అమాయకత్వం. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి 1874లో సికింద్రాబాద్ చేరిన పట్టాలను నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా తీసుకుపోయింది. సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైనదీ ఆ 1889లోనే. బొగ్గు, సరుకు, సైన్యం, సర్కారు రాబడి, వీటన్నిటి తరువాతే జనం. అయినా ఆ జనం రైలును ఎంతగా తమది చేసుకున్నారంటే, పక్కనున్న ఘన్‌పూర్ ఏకంగా స్టేషన్ ఘన్‌పూర్ అయిపోయింది. ఊరి పేరులోకే స్టేషన్ ఎక్కి కూర్చున్న చోట బండి ఆగాలా వద్దా అని ఇవాళ చర్చ జరగడం కంటే విడ్డూరం ఏముంటుంది?

కాజీపేట నుంచి మహారాష్ట్రలోని బల్లార్షాకు లైను 1929లో పూర్తయింది. దానితో మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడింది, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ వంటి బండికి ఆ లైనే ఆధారమైంది. ఆ జీటీ ఇప్పుడు కాజీపేట జంక్షన్ ముఖమైనా చూడకుండా బైపాస్ మీదుగా వెళ్లి వరంగల్‌లో ఆగుతుంది. చెన్నై, ఢిల్లీ మధ్య తిరిగే చాలా బండ్లది ఇదే దారి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మాత్రం కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ మొహం చూడదు. కాబట్టి మా ఇంటికి కొత్తగా వచ్చే చుట్టాలకు ముందు ఏ బండిలో వస్తున్నారో అడిగి, ఆ తరువాతే ఎక్కడ దిగాలో చెప్పవలసి ఉంటుంది. రెండు స్టేషన్ల మధ్య ఇంచుమించు పది కిలోమీటర్లు. అర్ధరాత్రి ఆ పది కిలోమీటర్లకు ఆటోవాలా అడిగేది రైలు టికెట్టు కంటే ఎక్కువ.

మా బాపు గూడ్సు గార్డు. రాత్రి రెండింటికి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ సైకిలు దిగి తలుపు తట్టేవాడు. బాపు నిద్రకళ్లతోనే గడియ తీసి, లాంతరు వెలుగులో పుస్తకంలో సంతకం చేసేవాడు, అమ్మ అప్పటికే పొయ్యి మీద గిన్నె పెట్టేది. ప్లాట్‌ఫాం చివర వరుసగా నల్ల ఇనుప పెట్టెలు, ఒక్కొక్కదాని మీద తెల్ల రంగుతో గార్డు పేరు. బాపు పెట్టెలో ఎర్రజెండా, పచ్చజెండా, ప్రమాద హెచ్చరికకు పట్టాల మీద పేల్చే డిటొనేటర్లు, చేతి దీపం, వాటి పక్కనే ఒక పాత గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. 2022లో గార్డు అన్న పదాన్ని తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. బాపు ఉంటే నవ్వేవాడు.

అలాంటి ఇళ్లతో నిండిన ఊరు ఇది. లోకో షెడ్డు, రన్నింగ్ స్టాఫ్, లైను మీద పనిచేసే గ్యాంగులు అందరూ బండ్లను నడిపించడానికే బతికారు. ఇప్పుడు ఆ బండ్లు ఎవరిని ఎక్కించుకుంటున్నాయో చూడండి. 2023 సంక్రాంతి నాడు మొదలైన విశాఖపట్నం వందే భారత్‌కు కాజీపేటలో హాల్టు ఇవ్వలేదు. 2024 సెప్టెంబరులో వచ్చిన నాగ్‌పూర్ వందే భారత్‌కు ఇచ్చారు, సంతోషించాం. ఇరవై పెట్టెలతో వచ్చిన ఆ బండి జనం లేక ఆరు నెలలైనా తిరగకుండానే ఎనిమిది పెట్టెలకు కుదించుకుపోయింది. అదే దారిలో సికింద్రాబాద్‌కు రోజూ అప్ అండ్ డౌన్ చేసే సీజన్ టికెట్టువాళ్లు పుష్‌పుల్ తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడతారు. ఖాళీ సీట్లు ఒకచోట, కాలు పెట్టే సందులేని బండి ఇంకోచోట ఉంటే, అది డబ్బు లేక వచ్చిన ఇబ్బంది అని నన్ను నమ్మమనకండి.

కరోనా కాలంలో ఆపిన పాసింజర్లను మళ్లీ పట్టాలెక్కించినప్పుడు పెట్టెలు పాతవే, ఆగే స్టేషన్లు పాతవే, పేరు మాత్రం ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అయింది, పది రూపాయల కనీస చార్జీ ముప్పై అయింది. రఘునాథపల్లిలో కూరగాయల గంపతో ఎక్కిన ఒక అవ్వ ఆ రోజుల్లో నా పక్కన కూర్చుని, ‘‘బండి గదే, బల్ల గదే, మూడింతలు ఎందుకు బిడ్డా? నా గంపల ఏమన్న బంగారం ఉన్నదా?’’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 2024 ఫిబ్రవరి చివరిలో చార్జీ మళ్లీ పదికి దిగింది. 2020 మార్చిలో తీసేసిన వృద్ధుల రాయితీ, అంటే మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం, ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. దీని మీద మా ఊళ్లో ఒక్క బంద్ జరిగినట్టు నాకు గుర్తులేదు. ఫ్యాక్టరీ కోసమైతే లెక్కలేనన్ని జరిగాయి.

ఫ్యాక్టరీ సంగతీ చెప్పాలి. 1980లలో మనకు వస్తుందనుకున్నది పంజాబ్‌లోని కపుర్తలాలో వెలసింది, ఆ పుండు ఇంకా మానలేదు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీకి గల సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని రాశారు, అంతే. అందులో కాజీపేట పేరూ లేదు, కట్టి ఇస్తామన్న మాటా లేదు. చివరికి 2023 జులై 8న ప్రధాని శంకుస్థాపన చేసింది సరుకు మోసే వ్యాగన్ల తయారీ కేంద్రానికి, అందులో కోచ్‌లు కూడా చేస్తామని తరువాత అన్నారు. వచ్చినదాన్ని వద్దనను, మా పిల్లలకు నాలుగు ఉద్యోగాలు దొరికితే మొదట మిఠాయి పంచేది నేనే. కానీ వ్యాగన్లో కోచ్‌లో తయారైనంత మాత్రాన ఆలేరు, జనగామ, ఘన్‌పూర్‌లలో ఆగే బండ్లు పెరగవు.

స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలో మన స్టేషన్ కూడా ఉంది. కొత్త ముఖద్వారం, లిఫ్టులు, మెరిసే బోర్డులు మంచివే. ఆ పనులతో పాటు ఉదయం ఆఫీసు వేళకు ముందే సికింద్రాబాద్ చేరే బండ్లకు మరిన్ని పెట్టెలు కావాలి, సాయంత్రం ఆరు దాటాక అక్కడ బయలుదేరి మధ్యలో ప్రతి స్టేషన్‌లోనూ ఆగే బండ్లు కావాలి, బల్లార్షా వైపు పల్లెలకు కూడా అదే లెక్కన నడపాలి. బల్లార్షా వైపు మూడో లైను పడుతున్నది కాబట్టి అటు దారి ఖాళీ లేదన్న సాకు ఇక ఎక్కువ కాలం చెల్లదు. ఈసారి ఓటు అడగడానికి మా వీధికి వచ్చే నాయకుణ్ణి నేను ఫ్యాక్టరీ గురించి అడగను. రఘునాథపల్లిలో రోజుకు ఎన్ని బండ్లు ఆగుతాయో తెలుసా అని అడుగుతాను.