సకినం గారికి ముక్కల పిల్లగాడి విన్నపం

మహారాజశ్రీ సకినం గారి దివ్య సముఖమునకు,

మీ ముక్కలు తిని పెరిగిన పిల్లగాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పళ్లు మాత్రం మునుపటిలా లేవు. ఆ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

కరీంనగర్ జిల్లాలో, సంక్రాంతి దగ్గర పడితే ఇంటింటా వాము వాసన కొట్టే ఊళ్లో పుట్టినవాణ్ణి. మీరు గుండ్రంగా ఉంటారని నా కంటికి తెలుసు గానీ పదేళ్లు వచ్చేదాకా నోటికి తెలీదు. నా నోటికి మీరెప్పుడూ ముక్కే. నెలవంకలా ఒకటి, కొడవలిలా ఇంకోటి, మరీ అదృష్టం బాగుంటే సగం గాజంత.

మీ పుట్టుకే పెద్ద తతంగం. కొత్త బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున్నే వడగట్టి, తడి ఆరకముందే గిర్నీలో పట్టించుకు రావాలి. ఆ పని నాది. పిండి రాలి రాలి తల నెరిసి, ఎనిమిదేళ్ల ముసలాణ్ణయి ఇంటికొచ్చేవాణ్ణి. అమ్మ ఆ పిండి జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపేది. మొదట చిటికెడు పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టాకే మిగతా పని. నాన్న తెల్ల పంచె నేల మీద పరిస్తే, దాని చుట్టూ పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి అత్త చేరేవాళ్లు. ఇవాళ మా ఇల్లు, రేపు వాళ్ల ఇల్లు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి మెలి తిరుగుతూ జారేది, నాలుగు చుట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చునేవి. నేనూ చెయ్యి పెట్టాను. నా వేళ్లలో మీరు వానపాములా తెగిపోయారు. మా ఇంట్లో మగవాళ్లకి మీ విషయంలో వచ్చిన విద్య ఒక్కటే: ఆఖరున వచ్చి, ఒకటి నమిలి, "నువ్వులు తక్కువైనయి" అనడం.

సరే, అసలు ఫిర్యాదుకొస్తాను. నూనెలోంచి తేలగానే మీలో మీకు హోదాలు మొదలయ్యేవి. తెల్ల రేషన్ కార్డు, గులాబీ రేషన్ కార్డు లాగే. అంచు చెదరనివి స్టీలు డబ్బాలోకి, డబ్బా అటక మీదికి. అవి చుట్టాలకి, అక్క అత్తగారింటికి. బయటి చుట్టు ఊడినవి నాన్న చాయ్‌లోకి. పొడిపొడిగా విరిగినవి మాకు. అక్క పెళ్లి సారెలో అయితే తాంబాళమంత సకినం ఒకటి వెళ్లింది. ఊరంతా చూసింది. ఎవరైనా తిన్నారా అంటే నాకైతే అనుమానమే.

విరిగితేనే మా వంతు కాబట్టి, విరగడానికి మా వంతు సాయం చేశాం. డబ్బా దించేటప్పుడు కాలు జారడం, మూత పెట్టేటప్పుడు కాస్త గట్టిగా నొక్కడం, సంచి మీద చూసుకోకుండా కూర్చోవడం. ఎన్ని చేసినా, విరిగిన సకినం వేరు, విరిచిన సకినం వేరు అని అమ్మకి ఎలా తెలిసేదో! ముక్క పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేది. అంతే, వీపు మీద తీర్పు. ఆ కేసుల్లో మీరు ఒక్కసారి కూడా నా తరఫున సాక్ష్యం చెప్పలేదు.

ఇప్పుడు హైదరాబాదులో మీరు కిలోల లెక్కన దొరుకుతున్నారు. పండగతో పనిలేదు, జూన్‌లోనూ ఉంటారు. మొన్నొక ప్యాకెట్ కొన్నాను. ఒక్కటీ విరగలేదు. ఎవరి మణికట్టు నొచ్చిందో కవరు మీద రాయలేదు. అమెరికాలో ఉన్న తమ్ముడికి మాత్రం అమ్మ ఇప్పటికీ ఇంటివే కొరియర్ చేస్తుంది. అట్టపెట్టె విప్పితే అన్నీ ముక్కలేనట. అంత దూరం వెళ్లినా వాడికి ప్రమోషన్ రాలేదని నాకు లోలోపల కొంచెం సంతోషం.

నాకు వచ్చింది. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

మొన్న భోగి నాడు ఊరికెళ్లాను. మధ్యాహ్నమైంది. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది, వదిన కుర్చీ వేసి, స్టీలు ప్లేటు చేతికిచ్చింది. అందులో మీరిద్దరు. నాలుగు చుట్లూ ఉన్నాయి, అంచు చెదరలేదు. పక్క గదిలో పిల్లల చప్పుడు. కరకరా నములుతున్నారు.

"వదినా, ముక్కలు లేవా?" అన్నాను.

"అయ్యో, నీకు ముక్కలు పెడ్తమా? అవి పిల్లలకు పెట్టిన" అంది.

ఇట్లు,
ఒక చుట్టం