కథా సహకారం: నెపోలియన్ బోనపార్టే

రిడ్లీ స్కాట్ 2023లో తీసిన ‘నెపోలియన్’ సినిమా మీద చరిత్రకారులు పడి ఏడవడం అన్యాయం. ఆయన చరిత్రను వక్రీకరించలేదు, కాస్త మరమ్మతు చేశారంతే.

మొదటి సీన్లోనే ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ తల తెగుతుంటే మన హీరో జనంలో నిలబడి చూస్తుంటాడు. 1793 అక్టోబర్ 16న అసలు మనిషి వందల కిలోమీటర్ల అవతల, తూలోన్ ముట్టడిలో ఫిరంగులు సర్దుకుంటున్నాడు. ఇంట్రడక్షన్ సీన్ కోసం మనిషిని పారిస్‌కు పిలిపించకపోతే ఎలా? అప్పటికతని వయసు 24. ఆ పాత్ర వేసిన వాకీన్ ఫీనిక్స్ ముఖం మీద దానికి దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. నిజానికి అతని భార్య జోసెఫిన్ భర్తకన్నా ఆరేళ్లు పెద్ద. తెరమీది నటి మాత్రం పదమూడు పద్నాలుగేళ్లు చిన్న. వారసుడి బెంగకూ 1809 నాటి విడాకులకూ ఆమె వయసే పెద్ద కారణం. అదే తీసేశాక ఆ విడాకులెందుకో ప్రేక్షకుడు సొంతంగా కనిపెట్టుకోవాలి.

పిరమిడ్ కొనకు ఫిరంగి గుండు తగలడం భౌతికశాస్త్రానికే సవాలు. 1798లో ఈజిప్టు యుద్ధం జరిగిన ఎంబాబా నుంచి పిరమిడ్లు చాలా మైళ్ల దూరం. ఆనాటి ఫిరంగి గురి నిలిచేది కిలోమీటరు లోపే.

ఇక రష్యా, ఆస్ట్రియా సేనలతో జరిగిన ఆస్టర్‌లిట్జ్ యుద్ధం. 1805 డిసెంబర్ 2న గెలుపు ప్రాట్సెన్ గుట్ట మీద తేలింది. నెపోలియన్ తన కుడి పక్కను కావాలనే బలహీనంగా వదిలాడు. దానికి ఆశపడి శత్రువులు గుట్ట దిగిపోగానే అతని సేనాధిపతి సూల్ట్ సేన పొగమంచులోంచి పైకెక్కి వాళ్లను రెండుగా చీల్చింది. గుట్టలు ఫొటోజెనిక్ కావు కాబట్టి సినిమా మంచు చెరువునే నమ్ముకుంది. గుండ్లు పడతాయి, మంచు పగులుతుంది, సైన్యం మునుగుతుంది, నీళ్లు ఎర్రబడతాయి. తర్వాత ఆ చెరువులను తోడిస్తే దొరికినవి గుర్రాలు, ఫిరంగులు, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని శవాలు. మరి 20,000 మంది మునిగారన్న లెక్క ఎవరిది? సాక్షాత్తూ నెపోలియన్ యుద్ధ ప్రకటనది, అంటే బులెటిన్‌ది. “బులెటిన్‌లా అబద్ధమాడుతున్నాడు” అని అతని సైనికులే సామెత కట్టారు. ఇన్నేళ్లకు ఆ బులెటిన్‌ను అక్షరాలా నమ్మిన భక్తుడు దొరికాడు, అదీ బోలెడు బడ్జెట్‌తో.

వాటర్లూలో చక్రవర్తి స్వయంగా గుర్రమెక్కి శత్రువుల మీదికి దూకడం, జీవితంలో ఎన్నడూ కలవని బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌తో ఓడ మీద ముచ్చటించడం చిన్న విషయాలు, వదిలేద్దాం. కానీ ఫ్రాన్స్ పౌర చట్టాలను ఒక్కచోట కూర్చిన 1804 సివిల్ కోడ్? దాని మీద జరిగిన సమావేశాల్లో సగానికి పైగా అతనే అధ్యక్షత వహించాడు. థియేటర్‌కొచ్చిన 158 నిమిషాల్లో దానికి చోటు లేదు. కాగితాలకు నిప్పంటించే సీనైనా రాసుకోవాల్సింది.

రేటింగ్: ఫిరంగులకు 3.5, తారీఖులకు 1. కథ మార్కులు మాత్రం అతను ప్రవాసంలో గడిపిన సెయింట్ హెలీనా దీవి చిరునామాకు పంపాలి. తన గొప్పలు తానే చెప్పి రాయించుకున్నది అక్కడే.